ఎడమ పదిహేను, కుడి పదమూడున్నర

అబిడ్స్, హైదరాబాదు
12 జూన్ 2024

అక్కయ్యకి రవి నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోనులో నీకు సగం వినబడదు, చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు, నేను అరిచి చెబితే బ్యాంకులో జనమంతా నా వైపే చూస్తారు. అందుకని భోజనం వేళకి గన్‌ఫౌండ్రీలో మా బ్యాంకు నుంచి నడుచుకుంటూ వచ్చి, ఇక్కడ పోస్టాఫీసులో ఓ మూల బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు బల్లది.

నీతో పని పడింది. తెనాలిలో బావతో కలిసి ముప్పై ఏళ్లు డ్రస్సు కంపెనీ నడిపినదానివి, పద్య నాటకాల రాజులందరికీ కిరీటాలూ భుజకీర్తులూ చేసి అద్దెకిచ్చినదానివి. ఇప్పుడు నీ మేనకోడలికి ఒక కవచం కావాలిట.

దివ్యశ్రీకి మొన్ననే పదమూడు నిండాయి కదా. నవంబరులో నాంపల్లిలో ఒక హాల్లో పిల్లల వేషాల పోటీ పెడుతున్నారు. కొనుక్కొచ్చిన వేషం పనికిరాదు, ఇంట్లోనే చేసుకోవాలి. మీ కాలంలోలాగా అట్టా, తగరం కాదు. చెప్పుల అడుగుకి వేసే ఫోము షీట్లుంటాయే, వాటిని కత్తిరించి, వేడిగాలి కొట్టి వంచి, అంటించి, రంగు వేస్తారట. దివ్య తన నోట్‌బుక్కులో ఒక సేనాధిపతిని గీసుకుంది. ఆడమనిషి, పొడుగు జడ, నల్ల కవచం, రాగి రంగు అంచులు. "పేరేమిటే?" అన్నాను. "పేరెందుకు నాన్నా, యుద్ధానికెళ్తోంది" అంది. రెండు నెలల్లో ఆ పిల్ల నాతో వేసిన మొదటి జోకు అది. ఈమధ్య కొంచెం ముభావంగా ఉంటోందిలే, ఆ వయసు అలాంటిది కాబోలు.

కొలతలు తీశాను. ఛాతీ ఇరవై తొమ్మిది. నడుము ఇరవై నాలుగు. భుజం మీద నుంచి నడుము దాకా ఎడమ పదిహేను, కుడి పదమూడున్నర. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా అంటించాలో వివరంగా రాయి.

ప్రభావతి నమస్కారాలు చెప్పమంది.

నీ తమ్ముడు
రవిచంద్ర


తెనాలి
21 జూన్

చిరంజీవి రవికి అక్క ఆశీస్సులు.

మీ బావ పోయాక ఈ అయిదేళ్లలో నన్ను పని గురించి అడిగినవాడివి నువ్వే. మిగతావాళ్లంతా మోకాళ్ల గురించి అడుగుతారు. ఉత్తరం రెండుసార్లు చదివి, అటక మీద పెట్టె దింపించి, పాత కవచం ఒకటి ముందు పెట్టుకుని మరీ రాస్తున్నాను. ఎలుకలు ఒక పక్క తినేశాయి కానీ మిగతాది దర్జాగా ఉంది.

మొట్టమొదట తెలుసుకో. కవచం ఒంటిమీద నిలబడదు, లోపల వేసుకున్నదాని మీద నిలబడుతుంది. మా దగ్గర వేషగాడికి ముందు మందంగా కుట్టిన లోచొక్కా తొడిగించి, ఆ పైనే కొలత తీసేవాళ్లం. అదీ భోజనం చేయించాక, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి. ఖాళీ కడుపుతో కొలత ఇచ్చి, సంతర్పణలో మూడుసార్లు వడ్డించుకుని, స్టేజీ మీద పద్యం ఎత్తుకోగానే వడ్డాణం ఫట్టుమనిపించిన మహారాజుని చూశాను నేను.

రెండోది జిగురు. మేం చింతపిక్కల జిగురు వాడేవాళ్లం. మీది ఏదైనా సరే, తడిగా ఉండగానే అంటించి పైన బరువు పెట్టు. ఆరనిచ్చావో, ఇంక అది అంటుకోదు.

మూడోది నీ కొలతలు. ఛాతీ, నడుము సరే. ఎడమ పదిహేను, కుడి పదమూడున్నర ఏమిట్రా? టేపు మెలిపడిందా, పిల్ల వంగి నిలబడిందా, నువ్వు కళ్లజోడు పెట్టుకోలేదా? మళ్లీ తీసి పంపు. ప్రభావతి చేత తీయించు, ఆమె చెయ్యి నిలకడగా ఉంటుంది.

దివ్యకి ముద్దులు.

అక్క అహల్య


నాంపల్లి
14 జూలై

అక్కయ్యా,

ఆలస్యమైంది, తిట్టుకోకు. బ్యాంకులో ఆడిటు.

నువ్వన్నదే నిజం, టేపు మెలిపడింది. మళ్లీ తీస్తే రెండు వైపులా పద్నాలుగే వచ్చింది. ఆ లెక్కనే పని మొదలుపెట్టేశాం.

అబిడ్స్‌లో చెప్పుల సామాను అమ్మే సందు ఉందిగా, అక్కడ శ్యామ్‌సుందర్ అని ఒకాయన కొట్లో నల్ల షీట్లు దొరికాయి. "ఎన్ని జతలు కుడ్తరు సార్?" అని అడిగాడు. "చెప్పులు కాదండీ, మా అమ్మాయికి కవచం" అన్నాను. ఆయన షీట్లు చుట్టి ఇస్తూ, "మంచిగుంటది, తొక్కెటోళ్లు గూడ ఉండరు" అన్నాడు. వేడిగాలి కొట్టే మిషను మా వీధిలో కారు స్టిక్కర్లు వేసేవాళ్ల దగ్గర బతిమాలి తెచ్చాను. ఫోము మీద ఆ గాలి తగలగానే మెరుపొచ్చి, మన చెయ్యి ఎటు వంచితే అటు వంగి, చల్లారాక అలాగే ఉండిపోతుంది. నలభై ఆరేళ్ల బ్యాంకు గుమాస్తాని, ఇంత సంతోషపడతానని నాకే తెలీదు.

నువ్వు చెప్పినట్టే తడిమీద అంటించి, పైన ప్రభావతి రుబ్బురోలు పొత్రం పెట్టాం.

కానీ ఛాతీ ముక్క ఎందుకో కుదరలేదు. కుడి పక్క పైకి లేచి నిలబడుతోంది, ఎడమ పక్క తుంటి దగ్గర గుచ్చుకుంటోంది. దివ్య అద్దంలో చూసుకుని, విప్పేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఏం తప్పు చేశానో నీకు తెలుస్తుందేమోనని రాస్తున్నాను.

రవి


తెనాలి
20 జూలై

రవీ,

ఎవరికీ రెండు పక్కలా ఒకే కొలత రాదు. మా కొట్టుకొచ్చిన వస్తాదులకి కూడా పావంగుళమో అరంగుళమో తేడా ఉండేది. నువ్వు "పద్నాలుగు, పద్నాలుగు" అని రాసిన రోజున టేపు ముట్టుకోలేదు. రెండూ కలిపి సగం చేసి, నాకు అనుమానం రాకుండా కాస్త తగ్గించావు. బ్యాంకువాడివి కదా.

మొదటిదే నిజం కొలత. అంగుళమున్నర తేడా టేపు వల్ల రాదు. అది ఎందువల్ల వస్తుందో నాకు బాగా తెలుసు.

పిల్లకి ఏమైంది?

అక్క


అబిడ్స్
26 జూలై

అక్కయ్యా,

నీ ఉత్తరం బ్యాంకులో చదివి అరగంట ఏ పనీ చెయ్యలేకపోయాను. నిజం చెబుతున్నాను. కోపగించుకుంటే కోపగించుకో.

ఏప్రిల్లో ప్రభావతి దివ్యకి తల దువ్వుతూ, ఒక పక్క భుజం రెక్క ఎముక పైకి లేచి ఉండటం చూసింది. లక్డీకాపూల్ దగ్గర ఎముకల డాక్టరుకి చూపించాం. వెన్నెముక పక్కకి వంగుతోందిట. ఎక్స్‌రేలో ముప్పై మూడు డిగ్రీలు. ఎదిగే వయసు కాబట్టి ఇంకా వంగవచ్చు. నలభై అయిదు దాటితే వీపు తెరిచి కడ్డీలు వేసి ఆపరేషన్ చెయ్యాలిట. దాటకుండా ఉండాలంటే గట్టి ప్లాస్టిక్ బ్రేసు, చంకల కింద నుంచి తుంటి దాకా, రోజుకి ఇరవై గంటలు వేసుకోవాలి. ఎదుగుదల ఆగేదాకా, అంటే దాదాపు రెండేళ్లు. డిసెంబరులో మళ్లీ ఎక్స్‌రే.

అది వేసుకోవడం లేదక్కయ్యా. ఇంట్లో మేం చూస్తుండగా వేసుకుని, బడికి వెళ్లగానే బాత్రూములో విప్పి సంచిలో కుక్కేస్తోంది. ఎవరో ఆటలో వీపు మీద చరిస్తే టక్కుమని శబ్దం వచ్చిందిట. "ఏంది, డొక్కల అట్ట పెట్టుకున్నవా?" అని నవ్వారట. ఆ రోజు నుంచి ఇంతే. తిట్టాను, బతిమాలాను. ప్రభావతి ఏడ్చింది. ఏదీ పనిచెయ్యలేదు. అలాంటిది తను నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క కవచమే. అందుకే వెంటపడ్డాను.

నీకెందుకు చెప్పలేదో అదీ చెబుతాను. "మీ ఇళ్లల్లో ఎవరికైనా ఇలా ఉందా?" అని డాక్టరు అడిగాడు. నేను "లేదండీ" అన్నాను.

నా చిన్నప్పుడు నువ్వు పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఎండాకాలంలో కూడా కొంగు రెండు భుజాల మీదా కప్పుకునేదానివి. నీ జాకెట్టుకి ఒక పక్కే దళసరిగా ఉండేది. ఒకసారి ఎందుకని అడగబోతే అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "అక్కయ్య వీపు సంగతి ఎప్పుడూ ఎత్తకు" అంది. ఎత్తలేదు. ఎంత బాగా నేర్చుకున్నానంటే, నా కూతురి కోసం డాక్టరు అడిగినా ఎత్తలేదు. నిన్ను బయట పెట్టినట్టవుతుందేమోనని నోరు రాలేదు. నాకు సిగ్గుగా ఉంది.

రవి


తెనాలి
2 ఆగస్టు

నాయనా రవీ,

కోపం వచ్చింది. ఒక పూట అన్నం మానేసేటంత వచ్చింది. నీ మీదో, పోయిన అమ్మానాన్నల మీదో తేల్చుకోలేక సాయంత్రానికి ఉప్మా చేసుకుని తిన్నాను.

నువ్వు పుట్టకముందు మాట. నాకప్పుడు పదమూడేళ్లు. నాన్న సెక్రటేరియట్‌లో గుమాస్తా, మేం నాంపల్లిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నా నడక చూసి పక్కింటావిడ అంటే, నాన్న నన్ను పెద్ద దవాఖానాకి తీసుకెళ్లాడు. డాక్టరు నా వీపు చూసి, దీనికి పట్టీ ఉంటుంది, మద్రాసులో చేస్తారు, ఇప్పుడే వేస్తే ఆగుతుంది అన్నాడు. బయటికొచ్చాక నాన్న నాకు సోడా తాగించి, "పట్టీ వేస్తే నలుగురికీ తెలుస్తుందమ్మా, రేపు నీకు సంబంధాలు రావు. వద్దు" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మకి, డాక్టరు ఏమీ లేదన్నాడని చెప్పాడు. అమ్మకి అంతా తెలుసు. మీ అందరికీ తెలుసు. యాభై ఏళ్లు ఇంటిల్లిపాదీ నాకు తెలియకుండా కాపాడారు, నా వీపు నాకు తెలియదన్నట్టు.

మీ బావ మాత్రం పెళ్లిచూపుల్లోనే కనిపెట్టాడు. కొలతలు తీసే కళ్లు కదా. అడగలేదు. పెళ్లయిన నెలకి తనే జాకెట్టు కుట్టి, కుడి భుజం కింద దూది పొర పెట్టి నా చేతిలో పెట్టాడు. మంచివాడు. ఆ మంచితనానికి నేను ఇవాళ్టికీ దండం పెడతాను. కానీ నొప్పికి దూది ఏం చేస్తుంది? ఈ మధ్య పది నిమిషాలు నిలబడితే పక్కటెముకలు తుంటి మీద ఒరుసుకుంటున్నాయి.

నా పేరు డాక్టరుకి చెప్పు. ఊళ్లో చాటింపు వేయించినా నాకభ్యంతరం లేదు. ప్రభావతికి ఈ ఉత్తరం చూపించు.

ఇంక పని. పాత ముక్క పారెయ్యి. కవచం బ్రేసు మీదే కట్టాలి. లోచొక్కా మీద నిలబడుతుందని మొదటి ఉత్తరంలోనే రాశాను, నీ బుర్రకెక్కలేదు. గట్టి బ్రేసు ఉందంటే మాకు దొరకని అదృష్టం అది. మా వాళ్లు వెదురు దబ్బలు పెట్టుకునేవారు ఛాతీ నిలబడటానికి. దివ్యకి నా మాటగా ఇలా చెప్పు: నమూనా తీసేనాడు పొద్దున్నుంచి బ్రేసు ఒంటిమీద ఉండాలి. అప్పుడే బిగించుకున్న ఒళ్లు వేరు, పూటంతా వేసుకుని సర్దుకున్న ఒళ్లు వేరు. ఇది అబద్ధం కాదు, పని తెలిసిన ఎవరినైనా అడుగు. ప్రతి ముక్కకీ అలాగే. నేను ఒక్కొక్క ముక్కకీ వంకలు పెడతాను, నువ్వు మళ్లీ మళ్లీ కొలతలు తియ్యి. తెలిసిందా?

అక్క


నాంపల్లి
8 సెప్టెంబరు

అక్కయ్యా,

నీ ఉత్తరం ప్రభావతికి చూపించాను. డాక్టరుకి నేనేం చెప్పానో కూడా చెప్పాను. వాళ్లది పాత హైదరాబాదు కుటుంబం కదా, ఏదైనా మొహం మీదే అనేస్తారు. "డాక్టర్‌తోని గూడ అబద్ధమేనా? ఆయన నీ ఇంటి పరువు అడగలే, రోగం అడిగిండు. వదినెకు ఉన్నదని నాకు తెలిసుంటే పిల్లను ఇంకా జల్ది చూపిస్తుంటిమి గదా!" అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు ఉదయం కాఫీ ఇస్తూ, "వదినెకు రాయి, నేను ఆమె మీద కోపం తెచ్చుకోలేదని. నీ మీదనే" అంది. రాశాను.

ఇంక శుభవార్తలు. నువ్వు చెప్పిన మాట దివ్యకి చెప్పాను. "పూటంతా ఎందుకు?" అంది. "మీ అత్తయ్య రూలు, నాకు తెలీదు" అన్నాను. మొదటి ఆదివారం పొద్దున్న ఏడింటికి బ్రేసు బిగించుకుని కూర్చుంది. సాయంత్రం ప్రభావతి గిన్నెల మీద చుట్టే ప్లాస్టిక్ పొర తెచ్చి బ్రేసు మీదుగా చుట్టింది. దాని మీద టేపు అంటించాం, దివ్య స్కెచ్ పెన్నుతో తనే గీతలు గీసుకుంది. తర్వాత పక్క నుంచి కత్తిరించి విప్పితే చక్కగా ఒంటి అచ్చు వచ్చేసింది. దాన్ని ముక్కలు చేసి ఫోము మీద పెట్టి గీసుకోవడమే. ఈసారి ఛాతీ ముక్క అచ్చు గుద్దినట్టు సరిపోయింది. దివ్య అద్దం ముందు నుంచి పది నిమిషాలు కదల్లేదు.

నేను ఫోనుకి పంపిన ఫొటోలు చూసి నువ్వు వెనక ముక్కకి వంక పెట్టావు, మళ్లీ ఒక ఆదివారం. మెడ పట్టీకి పెట్టావు, ఇంకో ఆదివారం. ఆ తర్వాత ఒక సోమవారం బడికి వెళ్తూ, "సాయంత్రం భుజం కొలత ఉంది కదా, ఇప్పటి నుంచే వేసుకుంటా" అని బ్రేసుతోనే వెళ్లింది. విప్పకుండానే తిరిగొచ్చింది. నేనేమీ గమనించనట్టు పేపరు తిరగేశాను. పేపరు తలకిందులుగా ఉందని ప్రభావతి చెప్పింది.

ఇప్పుడు నీ మీద ఒక ఫిర్యాదు. తడిమీద అంటించిన అతుకులన్నీ ఊడిపోతున్నాయి. ముక్కలు తీసుకుని శ్యామ్‌సుందర్ దగ్గరికెళ్తే తల పట్టుకున్నాడు. "ఏంది సార్, సొల్యూషన్ తడిమీద అంటిస్తరా ఎవరన్న? రెండు దిక్కుల పుయ్యాలె, పది నిమిషాలు ఊకుండాలె. ఏలు పెడితే అంటొద్దు. గప్పుడు ఒక్కసారి గట్టిగ ఒత్తాలె. మల్ల ఇద్దరు గుంజినా రాదు. ఎవరు చెప్పిన్రు మీకు గిట్ల?" అన్నాడు. "మా అక్కయ్య" అన్నాను. "అక్క చెప్పింది గాబట్టి ఏమనను" అన్నాడు.

రవి


తెనాలి
17 సెప్టెంబరు

రవీ,

జిగురు విషయంలో ఓడిపోయాను. ముప్పై ఏళ్ల చింతపిక్కల అలవాటు మరి. ఆ శ్యామ్‌సుందర్‌కి నా నమస్కారం చెప్పు. ఊడినవన్నీ ఆయన చెప్పినట్టు మళ్లీ అంటించు. ఊడనివి కూడా నమ్మకు.

బడికి వేసుకెళ్లిందన్న ముక్క దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ చదివాను.

భుజకీర్తులు మరీ పెద్దవిగా ఉన్నాయని దివ్యతో చెప్పు. ఫొటోలో బాగానే ఉన్నాయి. అయినా చెప్పు.

అక్క


నాంపల్లి
19 నవంబరు

అత్తయ్యకి దివ్యశ్రీ నమస్కారములు.

నేను తెలుగులో ఉత్తరం రాయడం ఇదే ఫస్ట్. స్కూల్లో పరీక్షలో "నీ మిత్రునికి లేఖ" రాసేదాన్ని కానీ ఆ మిత్రుడు ఎవరో నాకు తెలీదు. తప్పులుంటే నాన్నని తిట్టండి, నేను చెక్ చెయ్యమంటే చెయ్యలేదు, "నీ ఉత్తరం నేను చదవను" అన్నారు.

పోటీ మొన్న ఆదివారం అయిపోయింది. బహుమతి నాకు రాలేదు. డ్రాగన్ వేసిన అబ్బాయికి ఇచ్చారు, వాడి రెక్కలు నిజంగానే కదులుతాయి, కాబట్టి కరెక్టే.

నాది స్టేజీ మీద పగిలిపోయింది. పూర్తిగా కాదు. కత్తి పైకెత్తాలని ప్రాక్టీసు చేశాను, ఎత్తగానే ఎడమ పక్క అతుకు పర్రుమని మొత్తం ఊడి, ఛాతీ ముక్క తలుపు తెరిచినట్టు పక్కకి తెరుచుకుంది. లోపల బ్రేసు మొత్తం కనిపించింది. తెల్లది, పట్టీలతో సహా. నాన్న ముఖం చూశాను, తెల్లగా అయిపోయింది. ఆ ఒక్క అతుకూ మీరు చెప్పినట్టు తడిమీద అంటించింది, ఊడలేదని వదిలేశారట. ఏం అనుకోకండి, నిజం చెప్పాలి కదా.

స్టేజీ మధ్యలోనే ఆగిపోయాను. ఏడుపు వచ్చేసింది కూడా. కానీ లైన్లో నా వెనక నిలబడ్డ అమ్మాయి, పెద్దది, ఇంటర్ అనుకుంటా, ముందుకొచ్చి నా బ్రేసు మీద వేలితో కొట్టి చూసి, "ఇది ఏడ దొరికింది నీకు? ఫినిషింగ్ మస్తుంది" అంది. నేను "దవాఖానల" అన్నాను. ఆ అమ్మాయి "ఔనా? ఎందుకు?" అంది. నా వెన్ను వంగింది, దానికి అన్నాను. "నొప్పి అయితదా?" అంది. నొప్పి లేదు, చెమట అన్నాను. "నాకు ఈ కిరీటంల గూడ చెమటనే" అని, తన టేపు తీసి నా అతుకు అంటించింది. అంతే అత్తయ్యా. ఇంకేం జరగలేదు. నేను మిగతాది నడిచేసి దిగిపోయాను. ఎనిమిది నెలలు ఎవరికైనా కనిపిస్తే ఏమవుతుందో అనుకున్నాను, ఇది అయ్యింది.

ఇంకో మాట. మీరు కావాలనే కొలతలు మళ్లీ మళ్లీ తీయించారని నాకు మూడో ఆదివారమే అనుమానం వచ్చింది. తర్వాత మీ భుజకీర్తుల ఉత్తరం నాన్న టేబుల్ మీద మర్చిపోయారు, దాంతో తెలిసిపోయింది. నేను చెప్పలేదు, ఎందుకంటే కవచం బాగా వస్తోంది. బ్రేసు నన్ను అడక్కుండా వేశారు, కవచం నేను అడిగి వేసుకున్నాను. రెండూ ఒకటే సైజు.

మీకు కూడా ఉందని నాన్న చెప్పారు. అడగవచ్చా అంటే అడుగు అన్నారు. అత్తయ్యా, మీది ఎన్ని డిగ్రీలు?

మీ మేనకోడలు
దివ్యశ్రీ


అబిడ్స్
16 డిసెంబరు

అక్కయ్యా,

ముందు అంకె. ముప్పై ఒకటి.

రెండు డిగ్రీల తేడా లెక్కలోకి రాదుట, కొలిచే చేతిని బట్టి మారుతుందిట. "అసలు మాట ఏమిటంటే, పెరగలేదు. ఈ ఏడాదిలోనే రెండంగుళాలు పొడుగెదిగింది, అయినా వంపు పెరగలేదు. ఇట్లనే వేసుకుంటే ఆపరేషన్ ఊసు మనకొద్దు" అన్నాడు డాక్టరు. ఇంకా ఏడాదిన్నర వేసుకోవాలి. బ్రేసు కొంచెం పెద్దది చేయించాలి, ఎదిగింది కాబట్టి. అందుకు దివ్య, "అయితే కవచం కూడా మళ్లీ చెయ్యాలా?" అంది. డాక్టరుకి అర్థం కాలేదు. ఫోనులో ఫొటో చూపించింది. ఆయన అటెండర్ని కూడా పిలిచి చూపించాడు.

ఆయన అడగలేదు, నేనే చెప్పాను. "ఏప్రిల్లో మీరు అడిగితే లేదన్నాను సార్. ఉంది. మా అక్కకి ఉంది. మా ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్లం కాదు." ఆయన ఆశ్చర్యపోలేదు, ఫైలులో ఒక లైను రాసుకున్నాడు. ఆ లైను కోసం యాభై ఏళ్లు భయపడ్డామా అనిపించింది.

బయటికొచ్చాక ప్రభావతి ఆటోలో ఒకటే ఏడుపు. ఆటోవాడు భయపడి, "అమ్మా, ఫికర్ చెయ్యకుర్రి, అంత మంచిగైతది" అన్నాడు. "మంచిగయ్యిందనే ఏడుస్తున్న, నువ్వు తోలు!" అంది. వాళ్లిద్దరినీ నాంపల్లిలో దింపి నేను బ్యాంకుకి వెళ్లాలి. వెళ్లకుండా ఇక్కడ దిగి ముందు నీకు రాస్తున్నాను. 

దివ్య నిన్నేదో అడిగిందిట, నెలవుతోంది, జవాబు రాలేదని రోజూ పోస్టు చూస్తోంది. నొప్పించిందేమో అనుకుంటోంది. నీకు ఇష్టం లేకపోతే రాయకు, నేను సర్దిచెబుతాను.

రవి


తెనాలి
23 డిసెంబరు

బంగారుతల్లి దివ్యశ్రీకి అత్తయ్య ఆశీస్సులు.

ముప్పై ఒకటి! మీ నాన్న ఉత్తరంలో ఆ ఒక్క అంకె చదివి మిగతాది చదవకుండా వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎవరికైనా చెప్పాలి కదా. ఎవరూ కనబడక పాలవాడికి చెప్పాను. వాడు పాల ధర అనుకున్నాడు.

నీకు జవాబు ఆలస్యమైంది, నొచ్చుకున్నానని కాదు. నీ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు, అందుకు. ఎన్ని డిగ్రీలో నాకు తెలియదు. అరవై రెండేళ్ల మనిషిని, ఊళ్లో వేషగాళ్లందరి కొలతలూ నోటికి చెబుతాను, నా వీపు ఎంత వంగిందో ఎప్పుడూ తెలుసుకోలేదు. నీ ఉత్తరం నెల్లాళ్లు దేవుడి దగ్గర పెట్టి, రోజూ చూసి, రోజూ రేపనుకున్నాను. నీకు ఎనిమిది నెలలు పట్టిందన్నావు, నాకు ఇంకొంచెం ఎక్కువ పట్టింది.

మొన్న శుక్రవారం వెళ్లాను. ఇక్కడ ఎక్స్‌రే తీసే చోట పూలమ్మ అని ఒక ఆయా ఉంది. గౌను మార్చుకోవడానికి సాయం చేస్తూ నా జాకెట్టు పట్టుకుని, "ఇదేంటమ్మా, ఒక పక్కే ఇంత బరువు?" అంది. "దూది" అన్నాను. ఆవిడ నా వీపు చూసింది. మీ మావయ్య తర్వాత నా వీపు చూసిన మనిషి ఆవిడే. "ఎన్నాళ్ల నుంచమ్మా ఇది?" అంది. పదమూడో ఏట నుంచి అన్నాను. "అమ్మ బాబోయ్. మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?" అంది. "కుట్టుకున్నాను" అన్నాను.

డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి ఫిల్ము చూపించాడు. ఈ వయసులో బ్రేసు పనిచెయ్యదట, కానీ నొప్పికి వ్యాయామం ఉందిట, మందులున్నాయిట. ఊపిరికి ఢోకా లేదన్నాడు. ఇవన్నీ ముందే అడిగి ఉంటే ముందే చెప్పేవాళ్లట. నాకు ఏడుపు రాలేదు. హాయిగా ఉంది. నిజంగా హాయిగా ఉంది, దివ్యా.

యాభై ఆరు డిగ్రీలు.

నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందరూ నాకు మర్యాద చేశారు, నువ్వు అడిగావు. మీ నాన్నకీ అమ్మకీ చెప్పు, ఇంకెవరికైనా చెప్పాలనిపిస్తే వాళ్లకీ చెప్పు. పక్కింటివాళ్లకి నేను పొద్దున్నే చెప్పేశాను.

మీ అత్తయ్య
అహల్య